నట్స్ పడని పిల్లలకు స్నాక్ బార్: కొనేముందు ఏం చూడాలి, ఇంట్లో ఎలా చేయాలి

పల్లీలు గానీ జీడిపప్పు, బాదం లాంటివి గానీ పడని పిల్లల కోసం స్నాక్ బార్ వెతకడం మొదలుపెడితే మొదటి గంటలోనే ఒక సంగతి తెలిసిపోతుంది. సూపర్ మార్కెట్ అరలో ఉన్న బార్లలో చాలావాటికి నట్సే ముఖ్యమైన సరుకు. ముక్కలన్నీ అతుక్కుని ఉండడానికి నట్ బటర్ వేస్తారు, కరకరకు బాదం వేస్తారు, ప్యాక్ మీద ప్రొటీన్ అంకె పెరగడానికి పల్లీలు వేస్తారు. ఇవేవీ వేయని బార్లు కొన్ని ఉంటాయి, కానీ వాటిలోనూ చాలావరకు నట్స్ బార్లు చేసే మెషీన్ మీదే తయారవుతాయి. అలర్జీ తీవ్రంగా ఉన్న పిల్లలకు ఆ మెషీన్ మీద మిగిలిన పొడి చాలు. అందుకే బార్‌లో ఏం వేశారన్నది ఎంత ముఖ్యమో, దాన్ని ఎక్కడ, దేని మీద చేశారన్నదీ అంతే ముఖ్యం. ఈ రెండో సంగతి ప్యాకెట్ మీద సరిగ్గా కనపడదు. దాన్ని బయటికి లాగడమే అసలు పని.

మన ఇళ్లలో ఈ పని ఇంకాస్త కష్టం. పల్లీ చట్నీ లేని టిఫిన్ తక్కువ. పులిహోరలో పల్లీలు, పాయసంలో జీడిపప్పు, తిరుపతి లడ్డూలో జీడిపప్పు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2020 నుంచి మధ్యాహ్న భోజనంతో పాటు పల్లీ చిక్కీ కూడా పెడుతున్నారు. ఎక్కువమంది పిల్లలకు అది మంచి బలమైన తిండే. కానీ పల్లీ పడని పిల్లవాడి తల్లిదండ్రులు టీచరుకు, వంట చేసే ఆయమ్మకు ముందే చెప్పి తీరాలి. చిక్కీ ఇచ్చే రోజున వాడి చేతిలో పెట్టడానికి వేరే బార్ ఒకటి సంచిలో ఉండాలి.

ముందు డాక్టరు దగ్గర తేల్చుకోవాల్సినవి

"నట్స్ అలర్జీ" అన్న ఒక్క మాటతో బార్ ఎంచుకోలేం. పల్లీ నేలలో కాసే పప్పుజాతి గింజ. జీడిపప్పు, బాదం, పిస్తా, అక్రోట్, హేజల్‌నట్, పీకన్, మకడమియా చెట్లకు కాసేవి, వీటినే ట్రీ నట్స్ అంటారు. పల్లీ పడని పిల్లలందరికీ బాదం పడకుండా ఉండదు. కొందరికి రెండూ పడవు. జీడిపప్పు పడని వాళ్లకు పిస్తా, అక్రోట్ పడని వాళ్లకు పీకన్ సాధారణంగా పడవు, ఎందుకంటే ఆ జంటల్లో ప్రొటీన్లు దాదాపు ఒకేలా ఉంటాయి. మన మిఠాయిల్లో వేసే సారపప్పు కూడా జీడిమామిడి కుటుంబానికే చెందింది. జీడిపప్పు పడని పిల్లలకు దాన్ని అడక్కుండా పెట్టకండి.

డాక్టరును విడివిడిగా అడగాల్సినవి: నువ్వులు, కొబ్బరి, మెంతులు, బఠాణీ ప్రొటీన్. నట్స్ లేని బార్లలో నట్స్ బదులు వేసేది చాలాసార్లు నువ్వులు గానీ బఠాణీ ప్రొటీన్ గానీ. నువ్వుల అలర్జీ నట్స్ అలర్జీతో కలిసి రావడం మామూలే. పల్లీ పడని కొద్దిమంది పిల్లలకు గాఢంగా తీసిన బఠాణీ ప్రొటీన్, మెంతులు, విదేశాల్లో పిండిగా వాడే లూపిన్ అనే పప్పుజాతి గింజ కూడా పడకపోవచ్చు. ఇంట్లో కందిపప్పు, శనగపప్పు, బఠాణీ హాయిగా తింటున్న పిల్లలకు వాటిని మాన్పించాల్సిన పని లేదు. నట్స్ పడని పిల్లల్లో ఎక్కువమందికి కొబ్బరి పడుతుంది.

ఇంకో మాట. రక్తపరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు. తిన్నప్పుడు ఏం జరిగిందన్నదానితో కలిపి చదివితేనే ఆ కాగితానికి అర్థం. రిపోర్టులో ఎర్రగా కనిపించినవన్నీ మాన్పించి పిల్లను చిక్కిపోనివ్వకండి. అలాగే పెద్దవాడికి పల్లీ పడదని చంటిదానికి కూడా పెట్టకుండా ఆపేయడం మంచిది కాదు. ముప్పు ఎక్కువున్న పసిపిల్లలకు మొదటి ఏడాదిలోనే పల్లీని తినే రూపంలో మొదలుపెడితే అలర్జీ వచ్చే అవకాశం బాగా తగ్గుతుందని 2015లో ఇంగ్లండ్ పరిశోధకులు నిరూపించారు. ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి.

ప్యాకెట్ వెనకవైపు చదవడం

మన దేశంలో ప్యాకెట్ మీద అలర్జీ సమాచారం ఎలా రాయాలో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నిబంధనలు చెబుతాయి. గ్లూటెన్ ఉండే ధాన్యాలు, రొయ్య-పీత జాతి, పాలు, గుడ్లు, చేపలు, పల్లీలు-ట్రీ నట్స్, సోయా, కిలోకు 10 మిల్లీగ్రాములు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న సల్ఫైట్ (నిల్వ కోసం వేసే రసాయనం). వీటిలో ఏది వేసినా "కంటెయిన్స్" అని విడిగా రాయాలి. ఈ జాబితాలో నువ్వులు లేవు, ఆవాలు లేవు. నువ్వులు పడని పిల్లల విషయంలో ఆ ఒక్క వరసను నమ్ముకుంటే సరిపోదు, మొత్తం పదార్థాల జాబితా చదవాలి.

"మే కంటెయిన్" వరస సంగతి వేరు. కావాలని వేయకపోయినా పక్క సరుకు నుంచి కలిసే అవకాశం ఉందని కంపెనీ తనంతట తాను చెప్పే మాట అది. రాసే కంపెనీలు ఉన్నాయి, రాయనివీ ఉన్నాయి. కాబట్టి ఆ వరస ఉంటే బార్ పక్కన పెట్టేయండి. లేకపోతే మాత్రం బార్ సురక్షితమని అనుకోకండి, సమాచారం లేదని మాత్రమే అనుకోండి. ఈ ఒక్క తేడా తెలియకే చాలామంది తల్లిదండ్రులు పొరబడతారు. "నట్స్ వాడే ఫ్యాక్టరీలో చేసింది" అన్న మాట "మే కంటెయిన్" కన్నా తేలిక అనుకోవడం కూడా అలాంటిదే. ఏ మాట వాడారన్నదాన్ని బట్టి ముప్పు ఎక్కువో తక్కువో చెప్పలేం.

ఉదాహరణకు ఒక ఓట్స్ బార్ వెనక ఇలా ఉందనుకోండి: "రోల్డ్ ఓట్స్ 32 శాతం, లిక్విడ్ గ్లూకోజ్, ఖర్జూరం, చాక్లెట్ చిప్స్ 10 శాతం, గుమ్మడి గింజలు, పీ ప్రొటీన్ ఐసొలేట్, రైస్ బ్రాన్ ఆయిల్, ఎమల్సిఫయర్ 322, ఫ్లేవర్. కంటెయిన్స్ ఓట్స్, మిల్క్, సోయా." నట్స్ ఊసే లేదు. అయినా ఇందులో నాలుగు చోట్ల ఆగాలి.

మొదట చాక్లెట్ చిప్స్. బార్ కంపెనీ వీటిని సాధారణంగా సొంతంగా చేయదు, చాక్లెట్ ఫ్యాక్టరీ నుంచి కొంటుంది. చాక్లెట్ పైపులను, ట్యాంకులను నీళ్లు పోసి కడగరు, తడి తగిలితే చాక్లెట్ గడ్డకడుతుంది, సూక్ష్మజీవుల బెడద కూడా. తరవాతి రకం చాక్లెట్‌నే లోపల పారించి పాతదాన్ని తోసేస్తారు. ముందు హేజల్‌నట్ చాక్లెట్ నడిచి ఉంటే దాని ఆనవాళ్లు తరవాతి విడతలోకి వస్తాయి. డార్క్ చాక్లెట్‌లో నట్స్, పాలు బయటపడడానికి ఇదే ముఖ్య కారణం. రెండోది గుమ్మడి గింజలు, ఖర్జూరం. ఇవి డ్రైఫ్రూట్స్ ప్యాక్ చేసే చోటి నుంచే వస్తాయి, అక్కడ జీడిపప్పు, బాదం పక్కనే ఉంటాయి. మూడోది పీ ప్రొటీన్, అంటే బఠాణీ ప్రొటీన్, దాని గురించి పైన చెప్పుకున్నాం. నాలుగోది ఫ్లేవర్. బాదం వాసన వస్తుంటే అది కృత్రిమమా, సహజ బాదం సారమా అడగాలి. ఎమల్సిఫయర్ 322 అంటే లెసిథిన్, ఇక్కడ సోయాది. నట్స్ పరంగా దానితో గొడవ లేదు.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త. పల్లీ అన్నది గ్రౌండ్‌నట్ అనీ, మూంగ్‌ఫలీ అనీ, అరాకిస్ అనీ ఉండొచ్చు. కాజూ, అక్రోట్ మనకు తెలిసినవే. మార్జిపాన్ అంటే బాదం ముద్ద. ప్రలీన్, జియాండూయా అనే తీపి ముద్దల్లో హేజల్‌నట్ గానీ బాదం గానీ ఉంటుంది. నూగా అనే మిఠాయిలో ఏదో ఒక నట్ ఉండడమే ఎక్కువ. పల్లీ నూనె సంగతికొస్తే, బాగా రిఫైన్ చేసిన దాంట్లో ప్రొటీన్ దాదాపు మిగలదు. గానుగ నూనెలో మిగులుతుంది. చిన్న కంపెనీలు "సహజం" అన్న పేరుతో గానుగ నూనె వాడడం ఎక్కువైంది, అలాంటి బార్ పల్లీ పడని పిల్లలకు పనికిరాదు.

ముందువైపు పెద్ద అక్షరాల్ని చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి. వీగన్ అంటే పాలు, గుడ్లు లేవని. ఆ లోటు తీర్చేది చాలాసార్లు జీడిపప్పే. గ్లూటెన్ ఫ్రీ, కీటో అని ఉంటే గోధుమపిండి బదులు బాదంపిండి ఉండే అవకాశం ఎక్కువ. "నో పీనట్స్" అన్న బార్‌లో నిక్షేపంగా బాదం ఉండొచ్చు.

ఒక రుచి సరిపడిందని అదే బ్రాండ్‌లో వేరే రుచి కళ్లుమూసుకుని కొనకూడదు. పెద్ద బార్ ఒక లైన్ (ఫ్యాక్టరీలో వరసగా అమర్చిన మెషీన్లు) మీద, చిట్టి బార్ ఇంకో లైన్ మీద తయారవుతుంటాయి. పండగ ప్యాక్ మూడో చోట చేయించవచ్చు. కంపెనీలు చెప్పాపెట్టకుండా సరుకు మారుస్తాయి కూడా. కొనేటప్పుడు ఒకసారి, ఇంట్లో డబ్బాలో పెట్టేటప్పుడు ఒకసారి, పిల్లకు ఇచ్చేటప్పుడు ఒకసారి చదవండి. మూడోసారి చదవాలంటే రేపర్ ఉండాలి. అందుకే బార్లను రేపర్ విప్పి స్టీల్ డబ్బాలో పోయకండి.

కంపెనీకి రాయడం

ప్యాకెట్ మీద "మాన్యుఫాక్చర్డ్ బై", "మార్కెటెడ్ బై" అని రెండు చిరునామాలు ఉంటే మీకు కావలసింది మొదటిది. చాలా బ్రాండ్లకు సొంత ఫ్యాక్టరీ ఉండదు, పది బ్రాండ్లకు చేసిపెట్టే చోట చేయిస్తారు. తయారీదారుడి పక్కన 14 అంకెల లైసెన్స్ నంబరు ఉంటుంది. ఒకే బార్ రెండు ప్లాంట్లలో తయారవుతుంటే రెండు నంబర్లూ ముద్రించి, మీ ప్యాకెట్ ఏ ప్లాంట్‌దో బ్యాచ్ నంబరులోని అక్షరంతో సూచిస్తుంటారు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయడం కన్నా మెయిల్ రాయడం మేలు, జవాబు కాగితం మీద ఉంటుంది. ఆ నంబరు, బ్యాచ్ రాసి ఇవి అడగండి:

1. ఈ బార్ చేసే లైన్ మీద పల్లీలు గానీ, ఏ ట్రీ నట్ గానీ వాడే వేరే సరుకు నడుస్తుందా?
2. అదే గదిలో నట్స్ వేయించడం, దంచడం జరుగుతుందా?
3. ఒక సరుకు నుంచి ఇంకో సరుకుకు మారేటప్పుడు లైన్‌ను నీళ్లతో కడుగుతారా, లేక గాలి కొట్టి తుడుస్తారా?
4. కడిగాక పల్లీ, ట్రీ నట్ ఆనవాళ్ల కోసం పరీక్ష చేస్తారా? ఎంత మోతాదు వరకు పట్టగల పరీక్ష?
5. ఓట్స్, గింజలు, ఖర్జూరం, చాక్లెట్ మీకు అమ్మేవాళ్ల దగ్గర నట్స్ కలవకుండా ఏ ఏర్పాటు ఉంది?
6. ఇదే బార్ ఇంకెక్కడైనా తయారవుతుందా?

మూడో ప్రశ్న మీద పట్టు వదలకండి. పల్లీ ముద్ద జిగటగా అంటుకుంటుంది. గాలి కొడితే పొడి లేచి పక్క మెషీన్ మీద వాలుతుంది, పోదు. సబ్బునీళ్లతో కడిగి, పరీక్ష చేసి చూపించగలిగిన చోటు మాత్రమే నమ్మదగ్గది. "మేము ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలన్నీ పాటిస్తాం" అన్నది జవాబు కాదు. అలాంటి జవాబు వచ్చినా, అసలు రాకపోయినా ఆ బార్‌ను జాబితా నుంచి కొట్టేయండి. వివరంగా జవాబిచ్చిన కంపెనీలు రెండు దొరికినా చాలు. పిల్లలకు వారానికి పది రకాలు అక్కర్లేదు. నమ్మకమైన రెండు రకాలు ఎప్పుడూ ఇంట్లో ఉండడం ముఖ్యం. ఆరు నెలలకోసారి అదే మెయిల్ మళ్లీ పంపండి.

అమెరికా, బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు

అమెరికాలో నట్స్ లేని ప్లాంట్‌లోనే చేస్తామని ప్యాక్ మీదే చెప్పుకునే బ్రాండ్లు ఉన్నాయి. మేడ్‌గుడ్, ఎంజాయ్ లైఫ్, గింజలతో బార్లు చేసే 88 ఏకర్స్ లాంటివి. వెతుకులాట అక్కడ మొదలుపెడితే సమయం మిగులుతుంది. అవైనా ప్రతిసారీ చదవాల్సిందే. గింజల బార్లయితే నువ్వులు పడని పిల్లల కోసం ఇంకోసారి చదవాలి.

అక్కడి చట్టం ప్రకారం తొమ్మిది అలర్జీ పదార్థాలను తప్పక చెప్పాలి. తొమ్మిదోదైన నువ్వులు 2023 జనవరి 1 నుంచి చేరాయి. ట్రీ నట్ అయితే ఏ నట్టో పేరు రాయాలి. "మే కంటెయిన్" మాత్రం అక్కడా ఐచ్ఛికమే. కొబ్బరిని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చాలా ఏళ్లు ట్రీ నట్‌గా లెక్కపెట్టి, 2025 జనవరిలో ఆ జాబితా నుంచి తీసేసింది. అందువల్ల పాత ప్యాకెట్ల మీద "ట్రీ నట్స్: కొబ్బరి" అని కనిపించవచ్చు. కొబ్బరి ఒక్కటే రాసి ఉండి, మీ పిల్లకు కొబ్బరి పడితే, మిగతా వివరాలు చూసుకుని ముందుకెళ్లొచ్చు.

బ్రిటన్‌లో 14 పదార్థాల జాబితా. నువ్వులు, ఆవాలు, లూపిన్ అందులో ఉన్నాయి. షాపులోనే చేసి ప్యాక్ చేసి అమ్మే తిండి మీద కూడా పూర్తి పదార్థాలు రాయాలని 2021 అక్టోబరు 1 నుంచి అమలవుతోంది. నువ్వులు కలిసిన బగెట్ (పొడవాటి బ్రెడ్) తిని 2016లో చనిపోయిన నటాషా ఎడ్నన్-లాపెరూజ్ పేరిట దాన్ని నటాషా చట్టం అంటారు.

ఇండియన్ స్టోర్లలో కొనే చిక్కీ, బార్ల మీద అక్కడి దిగుమతిదారు స్టిక్కర్ అసలు లేబుల్‌ను కప్పేస్తుంది. స్టిక్కర్‌కూ కింది అచ్చుకూ పొంతన లేకపోతే కొనకండి.

ఇంట్లో బార్ చేయడం

నమ్మకమైన బార్ దొరకని ఊళ్లలో ఇంట్లో చేయడమే దారి. కానీ ఫ్యాక్టరీని అడిగిన ప్రశ్నలన్నీ మన వంటింటినీ అడగాలి.

ముందు మిక్సీ. పల్లీ చట్నీ రుబ్బే జార్‌ను ఎంత కడిగినా మూత రబ్బరు వాషర్ గాడిలో, బ్లేడు కింది గుబ్బ చుట్టూ తెల్లటి పొర మిగులుతుంది. వాషర్‌ను చెంచా కాడతో పైకి లేపి చూస్తే కనపడుతుంది. కాబట్టి పిల్ల బార్లకు, పొడులకు ఒక జార్ వేరుగా పెట్టి దాని మూతకు రంగు టేపు చుట్టండి. చెక్క గరిటె, చెక్క పీట, చిక్కీ చేసే పాత చెక్క అచ్చు వాడకండి. పగుళ్లలో దూరింది కడిగితే రాదు. స్టీలు, గాజు మంచివి. చేతులు సబ్బుతో కడగాలి. శానిటైజర్ సూక్ష్మజీవులను చంపుతుంది గానీ పల్లీ ప్రొటీన్‌ను చేతి మీద నుంచి తీయదు. వేడి చేస్తే అలర్జీ గుణం పోతుందన్నది కూడా నిజం కాదు.

తరవాత సరుకు. విడిగా తూకం వేసి అమ్మే దుకాణంలో పల్లీల డబ్బాలో ముంచిన చెంచానే పక్క డబ్బాలో ముంచుతారు. మరమరాలు, పుట్నాలు అచ్చం నిరపాయంగా కనిపిస్తాయి కానీ వేయించే బట్టీల్లో శనగలు, బఠాణీలు, పల్లీలు ఒకే మూకుడులో, ఒకే ఇసుకలో వేగుతుంటాయి. అందుకే కింది కొలతల్లో అవి రెండూ వాడలేదు. వాటి పని అటుకులు, ఇంట్లో వేయించిన పెసరపప్పు చేస్తాయి. అన్నీ కంపెనీ సీలు వేసిన ప్యాకెట్లలోనివే కొనండి.

20 సెంటీమీటర్ల చదరపు పళ్లేనికి, 50 గ్రాముల బార్లు 12 వస్తాయి:

రోల్డ్ ఓట్స్ 150 గ్రాములు, పల్చటి అటుకులు 50, పెసరపప్పు 50, గుమ్మడి గింజలు 50, ఎండుకొబ్బరి తురుము 30, గింజ తీసిన ఖర్జూరం 100, బెల్లం 150, నెయ్యి 30 గ్రాములు, నీళ్లు 45 మిల్లీలీటర్లు అంటే మూడు టేబుల్ స్పూన్లు, చిటికెడు ఉప్పు, అర టీ స్పూను యాలకుల పొడి. నమ్మకమైన గుమ్మడి గింజలు దొరక్కపోతే మానేసి అటుకులు 80, కొబ్బరి 50 గ్రాములకు పెంచండి. పాలు కూడా పడని పిల్లలకు నెయ్యి బదులు కొబ్బరి నూనె.

పెసరపప్పు కడిగి, గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టి, కమ్మటి వాసన వచ్చేదాకా సన్నటి సెగ మీద వేయించి పొడి కొట్టండి. ఓట్స్‌ను ఏడెనిమిది నిమిషాలు, అటుకుల్ని వేళ్లతో నలిపితే పొడయ్యేదాకా, గింజల్ని చిటపటలాడేదాకా విడివిడిగా వేయించండి. కొబ్బరి చివర్లో ఒక్క నిమిషం. అన్నీ పెద్ద గిన్నెలో కలిపి వెచ్చగానే ఉంచండి. ఇవి చల్లబడితే పాకం తగలగానే బిగుసుకుపోయి సమంగా కలవదు.

ఖర్జూరాన్ని వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, నీళ్లు వంపేసి మెదిపి, నేతిలో మూడు నిమిషాలు మగ్గించండి. తడి పోవాలి. బెల్లం నీళ్లలో కరిగాక ఇసుక, నలకలు పోయేలా వడకట్టి మళ్లీ పొయ్యి మీద పెట్టండి. అయిదారు నిమిషాలకు ఉండపాకం వస్తుంది. నీళ్లలో చుక్క వేస్తే కరగకుండా, వేళ్ల మధ్య మెత్తటి ఉండగా చుట్టుకోవాలి. థర్మామీటర్ ఉంటే 115 నుంచి 118 డిగ్రీలు. పొయ్యి కట్టేసి ఖర్జూరం ముద్ద, యాలకులు, ఉప్పు కలిపి, వెంటనే గిన్నెలోని పొడి సరుకంతా వేసి కలపండి. నెయ్యి రాసిన బటర్ పేపర్ పరిచిన పళ్లెంలోకి తీసి, అడుగు చదునుగా ఉన్న గిన్నెతో గట్టిగా, మూలలు కూడా వదలకుండా అదమండి. మందం ఒకటిన్నర సెంటీమీటర్లు ఉండాలి. ఇరవై నిమిషాలకు, ఇంకా గోరువెచ్చగా ఉండగానే కోయండి. పూర్తిగా ఆరడానికి రెండు గంటలు పడుతుంది. అప్పటిదాకా విడదీయకండి.

ముక్కలు రాలిపోతున్నాయంటే పాకం లేతగా ఉందన్నా, అదమడం చాలలేదన్నా అర్థం. అలాంటప్పుడు మొత్తం మళ్లీ గిన్నెలో వేసి, రెండు టేబుల్ స్పూన్ల ఉండపాకం కలిపి మళ్లీ అదమొచ్చు. రాయిలా అయిందంటే పాకం ముదిరింది. పసిపిల్లలకు అది పళ్లకూ గొంతుకూ ప్రమాదం, పొడి కొట్టి పాలల్లో కలిపి పెట్టండి. రెండో రోజుకే మెత్తబడి చేతికి అంటుకుంటుందంటే ఖర్జూరంలో నీళ్లు మిగిలాయి, లేదా వానాకాలపు గాలి తగిలింది. ఒక్కో బార్‌ను బటర్ పేపర్‌లో చుట్టి గాలి చొరని డబ్బాలో పెడితే బయట వారం, ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంటాయి. ముక్కవాసన మొదట వచ్చేది కొబ్బరికే, అది వచ్చిందంటే పారేయండి. నాలుగేళ్లలోపు పిల్లలకు గుమ్మడి గింజల్ని కూడా పొడి కొట్టి వేయండి.

విదేశాల్లో నట్ బటర్ బదులు పొద్దుతిరుగుడు గింజల బటర్ వాడి బేక్ చేసేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. బేకింగ్ సోడా పడితే చల్లారాక లోపల ఆకుపచ్చగా మారుతుంది. ఆ గింజల్లోని క్లోరోజెనిక్ ఆమ్లం క్షారంతో కలవడం వల్ల వచ్చే రంగు అది, బూజు కాదు, తినొచ్చు. సోడా సగానికి తగ్గించి ఒక టీ స్పూను నిమ్మరసం వేస్తే రంగు రాదు.

బడికి పంపేటప్పుడు

బార్‌ను దాని రేపర్‌తోనే పంపండి. ఇంట్లో చేసిందైతే పేరు, తేదీ, వేసిన పదార్థాలు రాసి అంటించండి. పుట్టినరోజులకు తరగతిలో పంచే చాక్లెట్లే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. మీ పిల్ల తినదగ్గ బార్లు నాలుగు ఒక డబ్బాలో పెట్టి టీచరు బీరువాలో ఉంచితే, ఎవరు ఏం పంచినా ఆ పూట వెలితి ఉండదు. పంచుకుని తినడం మంచి అలవాటని మనం నేర్పుతాం. ఈ పిల్లలకు మాత్రం "అమ్మనడిగి తింటా" అన్న మాట అంతకన్నా ముందు నేర్పాలి. అమెరికా బడుల్లో 504 ప్లాన్ (ఆరోగ్య ఇబ్బందులున్న పిల్లలకు బడి చేయాల్సిన ఏర్పాట్ల పత్రం) కింద ఈ ఏర్పాట్లన్నీ రాతపూర్వకంగా అడగొచ్చు.

కొత్త బార్ మొదటిసారి పెట్టడం

పై వడపోతలన్నీ దాటిన బార్‌ను కూడా మొదటిసారి బడిలోనో, రైల్లోనో, రాత్రి పడుకునే ముందో పెట్టకండి. సెలవు రోజు పొద్దున, ఇంట్లో, జలుబు-ఆయాసం లేనప్పుడు, అడ్రినలిన్ ఇంజెక్షన్ (దాని గురించి కింద ఉంది) దగ్గర పెట్టుకుని చిన్న ముక్కతో మొదలుపెట్టండి. రియాక్షన్ వస్తే మామూలుగా నిమిషాల్లోనే వస్తుంది, రెండు గంటల దాకా పట్టొచ్చు. "మే కంటెయిన్" ఉన్న బార్‌ను పడుతుందేమో చూద్దామని ఇలా పెట్టి చూడడం మాత్రం చేయకూడదు. ఆ పరీక్ష ఆసుపత్రిలో డాక్టరు కళ్లముందే జరగాలి.

పెదాలు వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, గొంతు బొంగురుపోవడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, మగతగా వాలిపోవడం. వీటిలో ఊపిరికి, స్పృహకు సంబంధించిన ఒక్కటి కనిపించినా, లేదా తిన్న కాసేపట్లో రెండు రకాల లక్షణాలు కలిసి వచ్చినా అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. మామూలు అలర్జీ మందు సెటిరిజిన్ దురదను తగ్గిస్తుంది, గొంతు మూసుకుపోవడాన్ని ఆపదు. అది ఇచ్చి చూద్దామని ఆగితే విలువైన నిమిషాలు పోతాయి. అడ్రినలిన్‌ను తొడ బయటివైపు మధ్యలో కండరంలోకి ఇస్తారు. మోతాదు బరువులో కిలోకు 0.01 మిల్లీగ్రాము, పిల్లలకు గరిష్ఠంగా 0.3 మిల్లీగ్రాములు. 15 కిలోల పిల్లకు 0.15 మిల్లీగ్రాములు, అంటే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఉండే ఆంపూల్ నుంచి 0.15 మిల్లీలీటర్లు. విదేశాల్లోలా పెన్ను రూపంలో వచ్చే ఇంజెక్షన్ మన దగ్గర తేలిగ్గా దొరకదు. కాబట్టి మీ పిల్ల బరువుకు గీత పెట్టిన సిరంజి, ఆంపూల్, రాసిచ్చిన సూచనలు డాక్టరు నుంచి ముందే తీసుకుని, ఎలా ఎక్కించాలో ఆయన ముందే ఇంట్లో ఇద్దరు నేర్చుకోండి. ఇంజెక్షన్ ఇచ్చి 108కి ఫోన్ చేయండి. పిల్లను పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టండి. ఊపిరాడకపోతే కూర్చోబెట్టండి. నడిపించకండి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే రెండో మోతాదు. తగ్గినట్టు కనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి, కొన్ని గంటల తరవాత మళ్లీ తిరగబెట్టొచ్చు.

తిన్న బార్ రేపర్ పారేయకండి. బ్యాచ్ నంబరు, తేదీ కనపడేలా ఫొటో తీసి, మిగిలిన ముక్కను జిప్ కవర్‌లో పెట్టి ఫ్రీజర్‌లో దాచండి. పరీక్షకు ఇవ్వాల్సి వస్తే అదే ఆధారం. కంపెనీకి మెయిల్ రాయండి, ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో లైసెన్స్ నంబరుతో సహా ఫిర్యాదు పెట్టండి. అదే బ్యాచ్ బార్ ఇంకో పిల్ల సంచిలోనూ ఉండొచ్చు.